ఆన్‌లైన్ పాఠం చెప్పకుండా పెట్టే షరతులు

2020లో బడులు మూతపడ్డాక ఆంధ్రప్రదేశ్ పాఠశాల విద్యాశాఖ తన విద్యార్థులను మూడు వర్గాలుగా లెక్కగట్టింది. ఇంటర్నెట్ ఉన్న ఫోనో కంప్యూటరో అందుబాటులో ఉన్నవారు ‘హైటెక్’, టీవీ లేదా రేడియో మాత్రమే ఉన్నవారు ‘లోటెక్’, ఇవేవీ లేనివారు ‘నోటెక్’. ఆన్‌లైన్‌లో అందనివారి కోసం దూరదర్శన్ సప్తగిరిలో, ఆకాశవాణిలో పాఠాలు వచ్చాయి. తెలంగాణలో అదే ఏడాది సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీశాట్ ఛానళ్లలో డిజిటల్ తరగతులు మొదలయ్యాయి. పేర్లు కాస్త కటువుగా ఉన్నా ఆ విభజనలో ఒక నిజాయితీ ఉంది. ఒకే దారిలో అందరికీ పాఠం చేరదని ప్రభుత్వమే ఒప్పుకోవడం చిన్న విషయం కాదు.

లోపం మరోచోట ఉంది. ఆ లెక్క ఇంట్లో ఏ పరికరం ఉందో చూసింది తప్ప, దాని ముందు కూర్చునే పిల్లలకు ఏం కావాలో చూడలేదు. హైటెక్ వర్గంలో చేరిన ఇంట్లోనే తండ్రి పొద్దున్నే పనికి వెళ్తూ ఫోను వెంట తీసుకుపోతాడు. ఫోను చేతిలో ఉన్న అమ్మాయికి వినికిడి సమస్య ఉండవచ్చు. తొమ్మిదో తరగతి బీజగణితం తెర మీద నడుస్తుంటే, భాగహారం దగ్గరే ఆగిపోయిన అబ్బాయి దాన్ని చివరిదాకా చూస్తాడు. హాజరు కూడా పడుతుంది. వీరందరూ లెక్కలో ఒకే గడిలో ఉన్నారు.

ప్రతి పాఠమూ పైకి చెప్పకుండానే కొన్ని షరతులు పెడుతుంది. ఫలానా వేళకు ఫోను దగ్గర ఉండాలి. ఇంత డేటా మిగిలి ఉండాలి. తెర మీది అక్షరం కనిపించాలి, మాట వినిపించాలి. ఇంగ్లిషు ఈపాటికి వచ్చి ఉండాలి, కిందటి తరగతుల లెక్కలు గుర్తుండాలి, ముప్పావు గంట కదలకుండా కూర్చోగలగాలి. తరగతి గదిలోనూ ఈ షరతులన్నీ ఉన్నాయి. అయితే అక్కడ వాటిని సడలించే మనిషి ఒకరు ఉంటారు. బోర్డు కనిపించని పిల్లను టీచరు ముందు బెంచీకి పిలుస్తారు. అయోమయంగా చూస్తున్న ముఖాన్ని గమనించి అదే మాటను తెలుగులో మళ్లీ చెబుతారు. నోటి లెక్క వచ్చి రాత రాని పిల్లవాడిని లేపి అడుగుతారు. ఇందులో చాలా భాగం ప్రణాళిక వేసుకుని చేసేది కాదు, చేస్తున్నామని వారికే తెలియదు. రికార్డు చేసిన పాఠానికి ఆ కళ్లు లేవు. ముందే ఆలోచించి పెట్టని సడలింపు అక్కడ తనంతట తాను రాదు. అందువల్ల ఆన్‌లైన్ అభ్యాసాన్ని రూపొందించేవారి మొదటి పని తమ పాఠం పెడుతున్న షరతులను ఒక్కొక్కటిగా కాగితం మీద రాసుకోవడం, రెండో పని ప్రతి షరతుకూ మరో దారి వెతకడం.

రకాలుగా విడగొట్టే మోజు

ఈ పనికి బదులు విద్యారంగంలో చాలాకాలంగా మరో పద్ధతి చలామణీలో ఉంది. చూసి నేర్చుకునేవారు, విని నేర్చుకునేవారు, చేసి నేర్చుకునేవారు అంటూ విద్యార్థులను విడగొట్టి, ఎవరి రకానికి తగిన పాఠం వారికి ఇవ్వాలంటారు. ఉపాధ్యాయ శిక్షణ తరగతుల్లో ఇది వినిపిస్తుంది, ఎడ్‌టెక్ సంస్థల ప్రచారంలో ఇంకా గట్టిగా వినిపిస్తుంది. ఒక చిన్న ప్రశ్నావళి నింపిస్తే చాలు, యాప్ పిల్లవాడి రకాన్ని చెప్పేస్తుంది. తల్లిదండ్రులకూ సంతృప్తిగా ఉంటుంది.

చిక్కు ఏమిటంటే, దీనికి ఆధారం లేదు. 2008లో హెరాల్డ్ పాష్లర్, మార్క్ మెక్‌డేనియల్, డగ్ రోరర్, రాబర్ట్ బ్యోర్క్ అనే నలుగురు మనస్తత్వ శాస్త్రవేత్తలు అప్పటిదాకా వచ్చిన పరిశోధనలను సమీక్షించారు. ఈ వాదం నిలబడాలంటే ‘చూసే రకం’ వారు బొమ్మలతో ఎక్కువగా, మాటలతో తక్కువగా నేర్చుకోవాలి, ‘వినే రకం’ వారు అందుకు తలకిందులుగా నేర్చుకోవాలి. ఆ రెండూ కలిపి సరిగ్గా పరీక్షించిన అధ్యయనాలే అరుదని, పరీక్షించిన వాటిలో చాలావరకు వాదానికి అనుకూలంగా రాలేదని వారు తేల్చారు.

ఏది చూడాలో ఏది వినాలో నిర్ణయించేది పాఠ్యాంశమే. సీస పద్యం నడక చెవిన పడాలి. గోదావరి పరీవాహక ప్రాంతాన్ని పటంలో చూడాలి. వినడమంటే ఇష్టమని చెప్పిన విద్యార్థికి పటాన్ని మాటల్లో వర్ణిస్తే అతనికి మేలు జరగదు. ఇష్టం వేరు, అవసరం వేరు. చూపు లేని విద్యార్థికి ఆ పటాన్ని మాటల్లో వివరించడం మాత్రం అవసరం, అది లేకపోతే అతనికి ఆ పాఠమే లేదు. రకాల మోజు వల్ల జరిగే అసలు నష్టం ఇదే. ఇష్టాల చుట్టూ రంగురంగుల ఏర్పాట్లు చేయడానికి డబ్బు, సమయం ఖర్చవుతాయి. పాఠం పూర్తిగా అందకుండా పోతున్నవారి సంగతి అలాగే మిగిలిపోతుంది.

ఫోను, డేటా, వేళ

జాతీయ నమూనా సర్వే 75వ విడత ప్రకారం 2017-18లో దేశంలోని గ్రామీణ కుటుంబాల్లో ఇంటర్నెట్ సౌకర్యం ఉన్నవి దాదాపు 15 శాతం, పట్టణాల్లో 42 శాతం. పల్లెల్లో కంప్యూటర్ ఉన్న కుటుంబాలు 5 శాతం కూడా లేవు. ఆ తర్వాత స్మార్ట్‌ఫోన్లు బాగా విస్తరించాయి, డేటా చవకైంది. కానీ సర్వేలు కుటుంబాన్ని లెక్కపెడతాయి, పాఠం మాత్రం ఒక్కొక్కరికీ విడిగా కావాలి. ఇంట్లో ఒక ఫోను, ఇద్దరు పిల్లలు ఉంటే ఆ శాతాలకు అర్థం మారిపోతుంది.

చిన్న గుణకారం చేసి చూడవచ్చు. సెకనుకు 500 కిలోబిట్ల చొప్పున నడిచే మామూలు నాణ్యత వీడియో గంటకు 225 ఎంబీ తింటుంది. రోజుకు ఐదు గంటలైతే ఒక్కరికే 1.1 జీబీ దాటుతుంది. ఇద్దరు పిల్లలుంటే రోజుకు 1.5 జీబీ ఇచ్చే ప్యాకు నాలుగో గంట పాఠం మధ్యలోనే అయిపోతుంది. అదే పాఠాన్ని సెకనుకు 24 కిలోబిట్ల ఆడియోగా ఇస్తే గంటకు 11 ఎంబీ చాలు. పాఠం సారాంశాన్ని వెయ్యి పదాల్లో రాసి ఇస్తే, ప్రతి భాష అక్షరాలకూ విడి సంకేతాలిచ్చే యూనికోడ్‌లో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు పట్టినా, మొత్తం 30 కిలోబైట్ల చుట్టుపక్కల ఉంటుంది. అంటే ఒక గంట వీడియోకు అయ్యే డేటాలో కొన్ని వేల రాత పాఠాలు పంపవచ్చు. వీడియో వద్దని దీని అర్థం కాదు. వీడియో ఒక్కటే ఇచ్చి ఊరుకోవడం డేటా లేనివారిని బయట నిలబెట్టడమే. మూడు రూపాల్లో ఇవ్వడానికి అయ్యే అదనపు ఖర్చు చాలా తక్కువ, ఎందుకంటే ఆడియో ఎలాగూ వీడియోలోనే ఉంది, రాత ప్రతి టీచరు సిద్ధం చేసుకున్న నోట్సులోనే ఉంది.

డేటా కంటే మొండి సమస్య వేళ. ఉదయం తొమ్మిదింటికి ప్రత్యక్ష తరగతి పెడితే, ఆ వేళకు ఫోను ఇంట్లో లేని ప్రతి పిల్లవాడూ గైర్హాజరే. ఇంటిపనిలో సాయం చేయాల్సిన ఆడపిల్లలకు ఇది మరీ ఎక్కువగా తగులుతుంది. రికార్డు చేసిన పాఠం సాయంత్రం ఆరింటికైనా, రాత్రి తొమ్మిదింటికైనా తెరుచుకుంటుంది. ప్రత్యక్ష తరగతిని పూర్తిగా మానుకోవాల్సిన పని లేదు, కానీ దాన్ని పాఠం చెప్పడానికి వాడటం వృథా. ముందే పాఠం చూసి వచ్చినవారి సందేహాలకు, పిల్లల చేత మాట్లాడించడానికి దాన్ని అట్టేపెట్టుకుంటే, ఆ గంట తప్పిపోయినవారికి కూడా పాఠం చేతిలో ఉంటుంది.

2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలల ఎనిమిదో తరగతి విద్యార్థులకు ఇచ్చిన ట్యాబ్‌లలో పాఠాలను ముందే నింపి ఇచ్చారు. ఆ పథకం మీద ఖర్చు గురించి, సంస్థ ఎంపిక గురించి రాజకీయంగా చాలా వాదన జరిగింది. అది వేరే చర్చ. డేటా అవసరం లేకుండా పాఠం తెరుచుకోవడం, పరికరం పిల్లల పేరునే ఉండటం అనే రెండు నిర్ణయాలు మాత్రం రూపకల్పన దృష్ట్యా సరైనవే.

ఈ విషయాల్లో తెలుగునేలకు పాత అనుభవం ఉంది. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాద్‌లోనే మొదలైంది. నేటి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అదే. ఉద్యోగులు, గృహిణులు, చదువు మధ్యలో ఆపేసినవారు దాని విద్యార్థులు. టీచరు ఎదురుగా ఉండడని తెలిసి రాసిన పాఠ్యపుస్తకాలు, మధ్యమధ్యలో తనను తాను పరీక్షించుకునే ప్రశ్నలు, అధ్యయన కేంద్రాల్లో ముఖాముఖి తరగతులు... దూరవిద్య పద్ధతి ఇలా రూపుదిద్దుకున్నది విద్యార్థి జీవితపు వేళలను లెక్కలోకి తీసుకున్నందువల్లే. గంటన్నర ఉపన్యాసాన్ని కెమెరా పెట్టి యథాతథంగా రికార్డు చేసి ఆన్‌లైన్ కోర్సు అని పేరు పెట్టే సంస్థలు, నలభై ఏళ్ల కిందటి దూరవిద్య కంటే వెనక ఉన్నట్టే.

వీడియో నిడివి గురించి ఒక మాట. ఎడ్ఎక్స్ అనే ఆన్‌లైన్ కోర్సుల వేదికలోని నాలుగు కోర్సుల్లో 69 లక్షల వీక్షణలను పరిశీలించిన ఫిలిప్ గువో బృందం 2014లో, వీడియో ఎంత పొడవున్నా వీక్షకులు నిలిచే మధ్యస్థ కాలం ఆరు నిమిషాలకు మించడం లేదని చూపింది. చూసినంత మాత్రాన నేర్చుకున్నట్టు కాదు కాబట్టి దీన్ని శాసనంగా తీసుకోనక్కర్లేదు. కానీ ఫోను పంచుకునే ఇంట్లో, ఆరేడు నిమిషాల ముక్కలుగా ఉన్న పాఠం ఎక్కడ ఆపినా అక్కడి నుంచి మళ్లీ అందుకోవచ్చు.

అక్షరం కనబడే తీరు, వినబడే తీరు

తెలుగు లిపికి సంబంధించిన ఇబ్బందులను ఇంగ్లిషు మార్గదర్శకాలు పట్టించుకోవు, మనవారూ అంతగా పట్టించుకోరు. ఒత్తులు కిందికి దిగుతాయి, గుణింతపు గుర్తులు పైకి లేస్తాయి. ఇంగ్లిషుకు సరిపోయే పరిమాణం, వరుసల మధ్య ఎడం తెలుగుకు చాలవు. ఐదంగుళాల తెర మీద థ-ధ, ప-ఫ, మ-య, కి-కీ కలగలిసిపోతాయి. చూపు మందగించినవారికే కాదు, చదవడంలో ఇబ్బంది పడే డిస్లెక్సియా పిల్లలకు కూడా ఇది నేరుగా తగిలే సమస్య. అక్షరాలు పెద్దవి చేసినప్పుడు వరుస తెర వెడల్పుకు తగ్గట్టు మళ్లీ సర్దుకోవాలి. పీడీఎఫ్‌లో అది సాధారణంగా జరగదు, పేజీని అటూ ఇటూ జరుపుతూ చదవాల్సి వస్తుంది. వెబ్ పేజీలో జరుగుతుంది. ఇంత చిన్న తేడా వల్లే ఒకరు చదువుతారు, ఇంకొకరు మానేస్తారు.

ఇంతకంటే లోతైన గాయం పాత ఫాంట్లది. అను వంటి డీటీపీ ఫాంట్లలో కొట్టిన తెలుగు కంటికి తెలుగే. లోపల మాత్రం అవి ఇంగ్లిషు అక్షరాల, గుర్తుల సంకేతాలు. ఫాంటు వాటికి తెలుగు ఆకారాలు తొడుగుతుంది, అంతే. చూపు లేని విద్యార్థి ఆ ఫైలును, తెర మీది రాతను చదివి వినిపించే ఎన్‌వీడీఏ వంటి స్క్రీన్ రీడర్‌తో తెరిస్తే అర్థం లేని ఇంగ్లిషు అక్షరాల గుంపు వినబడుతుంది. ఆ పాఠాన్ని వెతికితే దొరకదు, అనువాద యంత్రానికి ఇస్తే తీసుకోదు. ఎన్‌వీడీఏ 2006 నుంచి ఉచితంగానే దొరుకుతోంది, ఆండ్రాయిడ్ ఫోన్లలో అదే పని చేసే టాక్‌బ్యాక్ ఉంది. గొంతు యాంత్రికంగానే ఉన్నా తెలుగు చదివే ఏర్పాటూ ఉంది. లోటు పరికరంలో లేదు, మనం వాటికి ఇస్తున్న ఫైల్లో ఉంది. నోట్సును ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టడం ఈ వరుసలో ఇంకో మెట్టు కింద. స్క్రీన్ రీడర్‌కు అది బొమ్మ మాత్రమే. గణిత సమీకరణాన్ని బొమ్మగా అతికించినా అంతే, దాన్ని వెబ్‌లో గణితం రాయడానికి ఉన్న మ్యాథ్‌ఎంఎల్ రూపంలో రాస్తే తగిన సాధనాలు చదివి వినిపించగలవు. అందుబాటు రూపాల్లో పుస్తకాలు అందించే ‘సుగమ్య పుస్తకాలయ’ 2016 నుంచి పనిచేస్తోంది. అయితే ప్రతి టీచరూ వారంవారం తయారుచేసే పాఠాలు అలాంటి గ్రంథాలయాల దాకా రావు. అవి మొదటి నుంచీ యూనికోడ్‌లో ఉండటమే ఏకైక మార్గం.

వినికిడి లేని విద్యార్థుల విషయంలో రూపకర్తలు తరచుగా ఒక్క అడుగు వేసి ఆగిపోతారు. సబ్‌టైటిళ్లు పెట్టాం కదా, సరిపోతుందనుకుంటారు. పుట్టుకతో వినికిడి లేని పిల్లల్లో చాలామందికి సంజ్ఞాభాషే మొదటి భాష. భారతీయ సంజ్ఞాభాషకు తనదైన వ్యాకరణం ఉంది, అది తెలుగు వ్యాకరణాన్ని అనుసరించదు. వేగంగా కదిలే తెలుగు సబ్‌టైటిళ్లు చదవడం వారికి రెండో భాషలో చదవడం. మధ్య వయసులో వినికిడి తగ్గినవారికి మాత్రం అవే సబ్‌టైటిళ్లు చక్కగా సరిపోతాయి. కేంద్రంలోని భారతీయ సంజ్ఞాభాష పరిశోధన, శిక్షణ సంస్థ 2020 అక్టోబరులో ఎన్‌సీఈఆర్‌టీతో పాఠ్యపుస్తకాలను సంజ్ఞాభాషలోకి తెచ్చే ఒప్పందం చేసుకుంది. రాష్ట్ర సిలబస్ పాఠాలకు ఆ పని జరగాలంటే ఇక్కడే పూనుకోవాలి. యంత్రం తయారుచేసే తెలుగు సబ్‌టైటిళ్ల సంగతి చెప్పాలంటే, ఇంగ్లిషు పారిభాషిక పదాలు కలిసిన టీచరు మాటను అవి విచిత్రంగా విరుస్తాయి. ఒక మనిషి దిద్దకుండా వాటిని పెట్టడం, ముఖ్యంగా సైన్సు పాఠాలకు, పెట్టకపోవడం కంటే ప్రమాదం.

తరగతి ఒకటే, మెట్లు వేరు

కంటికి కనిపించే వైకల్యాల కంటే ఎక్కువమందిని పాఠానికి దూరం చేసేది ముందు తరగతుల్లో మిగిలిపోయిన లోటు. 2019లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెహాంద్రో గనిమియన్ ఢిల్లీలో బడి వేళల తర్వాత మైండ్‌స్పార్క్ అనే అభ్యాస సాఫ్ట్‌వేర్‌తో నడిచిన కేంద్రాలను పరిశీలించారు. అక్కడ చేరిన ఆరో తరగతి పిల్లలు గణితంలో సగటున రెండున్నర తరగతులు వెనక ఉన్నారు, తొమ్మిదో తరగతి వారు నాలుగున్నర తరగతులు వెనక. ఒకే గదిలో నాలుగైదు తరగతుల స్థాయిలున్న పిల్లలు కూర్చుని ఉంటే, అందరికీ తొమ్మిదో తరగతి వీడియో ఒకటే చూపించడంలో అర్థం ఏముంది?

ఆ సాఫ్ట్‌వేర్ ప్రతి పిల్లవాడి స్థాయిని ముందు కనిపెట్టి, అక్కడి నుంచే ప్రశ్నలు ఇస్తుంది. నాలుగున్నర నెలల్లో గణితంలో 0.37, హిందీలో 0.23 ప్రామాణిక విచలనాల (మార్కులు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) మేర మెరుగుదల వచ్చింది. విద్యా పరిశోధనల్లో ఇవి పెద్ద ఫలితాలే. కానీ గణితంలో తమ తరగతి స్థాయి ప్రశ్నల దగ్గర అంతటి మెరుగుదల కనబడలేదు, ఎందుకంటే పిల్లలు నిజంగా నేర్చుకున్నది కింది తరగతుల పాఠాలు. పబ్లిక్ పరీక్ష మార్కులతోనే అన్నిటినీ కొలిచే మన వ్యవస్థ ఇలాంటి కార్యక్రమాన్ని ఒక ఏడాది చూసి పనికిరాదని తీసిపారేసే అవకాశం ఎక్కువ.

మరో ముప్పు కూడా ఉంది. యంత్రం ఒకసారి ‘మూడో తరగతి స్థాయి’ అని ముద్ర వేస్తే, పిల్లవాడు అక్కడే తిరుగుతూ ఉండిపోవచ్చు. పైకి వచ్చే దారి ఎప్పుడూ తెరిచి ఉందో లేదో, ఎవరు ఎంతకాలంగా ఒకే మెట్టు మీద ఉన్నారో టీచరుకు కనబడాలి. ఎంతసేపు చూశారో చెప్పే పట్టికలు అందుకు పనికిరావు. ఏ తప్పు మళ్లీమళ్లీ చేస్తున్నారో చెప్పే పట్టిక కావాలి. భిన్నాల కూడికలో హారాలను హారాలతో కలిపేస్తున్న పిల్లలు ఎనిమిది మంది ఉన్నారని తెలిస్తే, మర్నాడు టీచరు వారిని ఒకచోట కూర్చోబెట్టి అరగంటలో సరిచేయగలరు.

మాధ్యమం మారినప్పుడు పడే ఇబ్బందినీ ఇక్కడే చెప్పాలి. రెండు రాష్ట్రాల్లో ప్రభుత్వ బడులు ఇంగ్లిషు మాధ్యమం వైపు మళ్లినప్పుడు, ఎదురెదురు పేజీల్లో తెలుగు, ఇంగ్లిషు ముద్రించిన ద్విభాషా పాఠ్యపుస్తకాలు వచ్చాయి. ఈఏపీసెట్ కంప్యూటర్ పరీక్షలోనూ తెలుగు, ఇంగ్లిషు రెండూ అందుబాటులో ఉంటాయి. పుస్తకంలో, పరీక్షలో ఉన్న ఈ సౌకర్యం మధ్యలోని వీడియో పాఠంలో చాలాచోట్ల మాయమవుతుంది. ఒకే బొమ్మల వరుస మీద రెండు భాషల ఆడియో పెట్టడం సాంకేతికంగా కష్టమైన పని కాదు. విద్యార్థి ముందు తెలుగులో విని, తర్వాత ఇంగ్లిషులో వినవచ్చు.

ఒకరికి చేసిన సాయం ఇంకొకరికి అడ్డు

అన్ని సౌకర్యాలూ ఒకేసారి తెర మీద పేరిస్తే సరిపోతుందనుకుంటే చిక్కే. చెబుతున్న మాటనే తెర మీద అక్షరాలా రాసి చూపితే, వినగలిగే విద్యార్థి దృష్టి బొమ్మకూ రాతకూ మధ్య చీలి, నేర్చుకోవడం తగ్గవచ్చని మనస్తత్వ శాస్త్రవేత్త రిచర్డ్ మేయర్ ప్రయోగాలు చూపాయి. వినలేని విద్యార్థికి ఆ రాతే ప్రాణం. కదిలే బొమ్మలు, నేపథ్య సంగీతం చిన్న పిల్లలను కూర్చోబెడతాయని తయారీదారుల నమ్మకం. ఆటిజం ఉన్న పిల్లలకో, ఏకాగ్రత నిలవని పిల్లలకో అవే పాఠాన్ని చెడగొడతాయి. తెలుపు మీద ముదురు నలుపు చూపు తగ్గినవారికి మేలు, వెలుతురు పడని కళ్లకు బాధ.

కొత్తవారికి, తెలిసినవారికి మధ్య కూడా ఇలాంటి పేచీ ఉంది. మెట్టుమెట్టుగా చేసి చూపిన లెక్క కొత్తగా నేర్చుకునేవారికి ఎంతో సాయం. ఆ లెక్క వచ్చినవారికి అదే వివరణ అడ్డుపడి ఫలితాన్ని తగ్గిస్తుందని స్లావా కల్యుగా, జాన్ స్వెల్లర్ తదితర పరిశోధకులు 2003లో వివరించారు. అందుకే సగటు విద్యార్థి కోసం కుదిర్చిన వివరణ ఇద్దరికీ సరిపడదు.

ఈ పేచీలకు చాలావరకు పరిష్కారం ఒక మీట. సబ్‌టైటిళ్లు పెట్టుకోవడం, తీసేయడం, వేగం తగ్గించడం, నేపథ్యం రంగు మార్చడం, సంగీతం ఆపడం, వివరణను మడిచిపెట్టడం విద్యార్థి చేతిలో ఉండాలి. అయితే మీటలు ఇరవై అయితే అవే కొత్త అడ్డంకి అవుతాయి. మొదటిసారి తెరిచినప్పుడు కనిపించే రూపం సాదాగా, తేలికగా ఉండి, మిగిలినవి ఒక్కచోట దొరకాలి. ఒకసారి ఎంచుకున్నది ప్రతి పాఠంలోనూ గుర్తుండాలి. ఈ చివరిది చిన్న విషయంగా కనిపిస్తుంది. కానీ రోజూ ఆరు పాఠాలకు ఆరుసార్లు అక్షరాలు పెద్దవి చేసుకోవాల్సిన విద్యార్థికి అది చిన్నది కాదు.

అమెరికాలో 1984లో ఏర్పడిన కాస్ట్ అనే సంస్థ ఇలాంటి ఆలోచనలను సార్వత్రిక అభ్యాస రూపకల్పన పేరుతో క్రోడీకరించింది. ఆసక్తి కలిగించడానికి, విషయాన్ని చూపడానికి, నేర్చుకున్నది చూపించుకోవడానికి ఒకటికి మించిన దారులు ఉండాలనేది దాని సారం. మొత్తం చట్రం కలిసి ఎంత ఫలితం ఇస్తుందన్న దానిపై విద్యావేత్తలలో భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. దాన్ని సిద్ధాంతంగా కాక, పాఠం సిద్ధమయ్యాక ఏది మరిచిపోయామో చూసుకునే జాబితాగా వాడటం మంచిది.

పరీక్ష దగ్గర బయటపడేది

పాఠంలో ఎన్ని దారులు పెట్టినా పరీక్ష ఒకే దారిన పెడితే, ఆ దారులన్నీ కంటితుడుపే. గడియారమే మొదటి అడ్డంకి. లేఖకుడి సాయం పొందే దివ్యాంగ అభ్యర్థులకు గంటకు కనీసం 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలని 2018 కేంద్ర మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆన్‌లైన్ పరీక్షలో ఆ సమయాన్ని ఒక్కో విద్యార్థికి విడిగా మార్చే వీలు సాఫ్ట్‌వేర్‌లో లేకపోతే, ఇన్విజిలేటరుకు ఎంత దయ ఉన్నా ఉపయోగం లేదు. నెట్ మధ్యలో పోయి మళ్లీ వచ్చినప్పుడు రాసిన జవాబులు ఉండటం, గడియారం అక్కడే ఆగి ఉండటం కూడా ఈ కోవలోకే వస్తాయి.

కెమెరా నిఘా పరీక్షల సంగతి ఇంకా ఇబ్బందికరం. చూపు తెర మీద నుంచి మళ్లితే, వెనక మనిషి కదిలితే అనుమానాస్పదమని గుర్తుపెట్టే పద్ధతి అది. చూపు లేని అభ్యర్థి కళ్లు కెమెరా వైపు ఉండవు. ఒంటిగది ఇంట్లో వెనక ఎవరో ఒకరు నడుస్తూనే ఉంటారు. ఇదే తరహా ఇబ్బంది బ్యాంకుల ఈ-కేవైసీలో, అంటే ఆన్‌లైన్‌లో ఖాతాదారు గుర్తింపును నిర్ధారించే ప్రక్రియలో ఎదురై, కళ్లార్పి చూపించలేని యాసిడ్ దాడి బాధితులు, చూపు లేనివారు సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2025 ఏప్రిల్ 30న ఇచ్చిన తీర్పులో కోర్టు డిజిటల్ అందుబాటును 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగంగా పేర్కొంది. ఆ తీర్పు కేవైసీ గురించే అయినా, అందులోని తర్కం కెమెరా పరీక్షలకు ఎందుకు వర్తించదో చెప్పడం కష్టం. దానికంటే ముందే, 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 42వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ మాధ్యమాల్లోని సమాచారం అందరికీ అందే రూపంలో ఉండేలా చూడటం ప్రభుత్వాల బాధ్యత.

చట్టం ఉన్నా అమలు ఎక్కడ జారిపోతుందో తెలుసుకోవాలంటే టెండరు పత్రాలు చూడాలి. ఎన్ని గంటల వీడియో, ఏ తరగతులకు, ఎంత ధర అనే లెక్కలు వాటిలో వివరంగా ఉంటాయి. రాత ప్రతి యూనికోడ్‌లో కావాలని, దిద్దిన సబ్‌టైటిళ్లు కావాలని, బొమ్మలకు మాటల వివరణ కావాలని, చవక ఫోనులో నెట్ లేకుండా తెరుచుకోవాలని రాసి ఉంటే గుత్తేదారు ఆ ఖర్చును మొదటే కలుపుకుంటాడు. రాసి లేకపోతే వెయ్యి గంటల పాఠాలు తయారై వచ్చాక వాటిని సరిచేయడానికి మళ్లీ డబ్బు ఉండదు. ఇంకొక నిబంధన కూడా చేర్చవచ్చు. బిల్లు చెల్లించే ముందు చూపు లేని విద్యార్థి, సంజ్ఞాభాష వాడే విద్యార్థి, రెండేళ్ల పాత ఫోనున్న విద్యార్థి, గణితంలో మూడు తరగతులు వెనకబడిన విద్యార్థి ఒక్కొక్క పాఠం ఎవరి సాయమూ లేకుండా పూర్తి చేసి చూపాలి. వారు ఆగిపోయిన చోటు దిద్దిన తర్వాతే చెల్లింపు జరగాలి.